ఓదెలు మేస్త్రి చెరిపిన ముగ్గు

తుమ్మవాగుపల్లెలో ఓదెలు అనే మేస్త్రి ఉండేవాడు. చేతిలో పనితనం దండిగా ఉన్నా, ఒకసారి పోసిన ముగ్గును చస్తే చెరపనంటాడని ఊరంతా అతనితో పని చేయించుకోవడానికి జంకేది.

ఇల్లు కట్టే ముందు గోడలు ఎక్కడెక్కడ రావాలో నేల మీద దారం పట్టి, ఆ దారం వెంట తెల్లగా ముగ్గు పోస్తారు కదా, నేను చెప్పేది ఆ ముగ్గు సంగతే. పునాది ఆ గీత వెంటే తవ్వుతారు. తప్పు కనబడితే చెరిపి మళ్లీ పోసుకోవడం అందరూ చేసే పనే. ఓదెలుకు మాత్రం అది తల కొట్టేసినట్టుండేది.

ఒకసారి సాయిలు అనే రైతు ఇంటికి ముగ్గు పోశాడు. వాకిలి సరిగ్గా కరెంటు స్తంభానికి ఎదురుగా వచ్చింది.

"ఓదెలన్నా, ఒక్క రెండడుగులు జరుపరాదే" అని సాయిలు బతిమాలాడు.

"పెండ్లిపిల్లను పీటల మీద కూసోబెట్టినంక పిల్లను మారుస్తరా? ముగ్గు గూడ గంతే" అన్నాడు ఓదెలు.

వాకిలి అక్కడే నిలిచింది. సాయిలు ఇంటికి వచ్చే చుట్టాలు ఇప్పటికీ ఒక భుజం ముందు, ఒక భుజం వెనక పెట్టుకుని లోపలికి పోతారు. కాస్త లావుపాటి చుట్టాలు అరుగు మీదే కూర్చుని పలకరించి వెళ్తారు.

ఇక ఆ ఊరికి ఉన్న అసలు కష్టం వేరు. వానాకాలం వచ్చిందంటే తుమ్మవాగు పొంగి దారి మూసేసేది. దవాఖాన వాగుకు అవతల పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. కిందటి ఏడు శ్రావణంలో నిండు గర్భిణి ఒకామె వాగు ఒడ్డున ట్రాక్టరులోనే ప్రసవించింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆమె ఊరి సర్పంచ్ సుగుణకు స్వయానా తోడికోడలు.

ఆ రోజు నుంచి సుగుణ కాలికి బలపం కట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి ఊరికి ఒక చిన్న దవాఖాన, అందులో ఒక కాన్పుగది మంజూరు చేయించుకుంది. దానికి ఒక షరతు ఉంది. మార్చి ఆఖరులోగా కట్టడం బేస్‌మెంటు దాకా లేవాలి. లేవకపోతే మంజూరు వెనక్కి పోతుంది.

ఊరి తూర్పున పాటిగడ్డ అని రెండెకరాల ప్రభుత్వ భూమి ఉంది. వాగు ఎంత పొంగినా అక్కడికి నీళ్లు రావు. దవాఖానకు అంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదు. ఎప్పుడో పాతకాలంలో అక్కడ ఒక ఊరుండి, పాడుపడి, మట్టిలో కలిసిపోయిందని పెద్దలు చెప్పేవారు. అలాంటి నేలలో దొరికే బూడిదరంగు మన్నును పాటిమన్ను అంటారు. అది పొలానికి మంచి బలం. ఎండాకాలంలో రైతులు దాన్ని బండ్లకు బండ్లు తోలుకుని చేలలో చల్లేవారు. తవ్వుతుంటే మూరెడు పొడవున్న ఇటుకలు బయటపడేవి. ఆడవాళ్లు వాటిని తెచ్చి కాగు కింద పొయ్యిరాళ్లుగా పెట్టుకునేవారు. ఎవరో కట్టుకున్న ఇంటి గోడ మీద తాము స్నానానికి నీళ్లు కాచుకుంటున్నామని ఒక్కరికీ తోచలేదు.

మంజూరు కాగితాల్లో ఒక గడి ఉంది. కట్టబోయే స్థలంలో పాతకాలపు ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా, లేవా అని అందులో రాయాలి. ఆ గడి దగ్గర సుగుణ కలం ఆగింది. పని ఒప్పుకున్న ఓదెలు పక్కనే ఉన్నాడు.

"ఓదెలూ, పాటిగడ్డల పాత ఇటుకలు వెళ్తయి గదా. ఏమని రాయాలె?" అని అడిగింది.

"ఉన్నయని రాస్తే పురావస్తు శాఖోళ్లు వచ్చి ఇనుప కంచె కొడుతరక్కా. బోర్డు పాతుతరు. మన దవాఖాన ఆ బోర్డు కిందికే పోతది. తాతలనాటి సంది ఊరంతా తవ్వుకపోయిన మన్నాయె, దాంట్ల ఇంకేమున్నది? లేవని రాయి" అన్నాడు ఓదెలు.

సుగుణకు తోడికోడలి ముఖం గుర్తొచ్చింది. లేవు అని రాసింది. రాసేది అబద్ధమని ఆమెకు తెలుసు. మంచి పనికే కదా అని మనసుకు నచ్చజెప్పుకుంది. మన మనసుకు మనం నచ్చజెప్పుకోవడమంత సులువైన పని ఇంకొకటి లేదు, పిల్లలూ. అది ఎప్పుడూ ఎదురు చెప్పదు.

మార్చి మొదటి వారంలో మంచి రోజు చూసి ఓదెలు ముగ్గు పోశాడు. కొబ్బరికాయ కొట్టారు. ఈశాన్యం మూలన కాన్పుగది వచ్చేలా గీత గీశాడు. మర్నాటి నుంచి తవ్వకం మొదలైంది.

మూడో రోజు ఆ ఈశాన్యం మూలలోనే గడ్డపారకు ఏదో ఖణేల్‌మని తగిలింది. తట్టలు మోసేవాళ్లలో ఐలవ్వ అనే ఆమె ఉంది. అరవై ఏళ్లు దాటాయి. పదేళ్ల వయసు నుంచి ఆ పాటిమన్ను మోసిన మనిషి. ఆమె తట్ట దించి, వంగి, చేత్తో మట్టి తీసింది. ఎర్రగా కాలిన మట్టి కట్టు ఒకటి గుండ్రంగా కనబడింది. దాని కింద అలాంటిదే ఇంకొకటి ఉంది.

"ఓదెలూ, ఇటు రా. ఇది గాబు గాదు, కుండ గాదు. బాయి వర" అంది ఐలవ్వ.

ఓదెలు చూశాడు. ఇప్పుడు మనం సిమెంటు వరలు దించినట్టే, ఎవరో మట్టితో వరలు చేసి, కాల్చి, ఒకదాని మీద ఒకటి దించారు. చూడగానే అది బావి అని అతనికీ అర్థమైంది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు.

"మన్ను పోసి పూడ్చుండ్రి. మాట బయటికి పోవద్దు" అన్నాడు.

"బాయి మీద మూల లేపుతవా కొడుకా? కొంచెం జరుపు ముగ్గు" అంది ఐలవ్వ.

"పోసిన ముగ్గు జరపను. పూడిపోయిన బాయి అంటే నేలనే. నువ్వు తట్ట మొయ్యి, మేస్త్రి పని నేను చేస్త."

కూలివాళ్లందరి ఇళ్లలోనూ ఆడపిల్లలున్నారు, కోడళ్లున్నారు. దవాఖాన పోతుందంటే ఎవరికి నోరు లేస్తుంది? మట్టి పోసి ఆ గుంత పూడ్చేశారు.

మర్నాడు పొద్దున ఆ మట్టి అణగడానికి నీళ్లు పోసి దిమ్మిస కొట్టమన్నాడు ఓదెలు. ఒక డ్రమ్ము నీళ్లు పోశారు. క్షణంలో ఇంకిపోయాయి. ఇంకో డ్రమ్ము పోశారు. అవీ పోయాయి. మూడో డ్రమ్ము పోసినా పైన బురద కాలేదు.

"నీళ్లు ఏడికి పోతున్నయి ఓదెలూ?" అంది ఐలవ్వ.

"నేల తాగుతున్నది."

"నేలకు గింత దూప ఉంటదా?"

"ఉంటది. ఇంకో తట్ట మన్ను పొయ్యి" అని కసిరాడు.

ఐలవ్వ తట్ట ఎత్తుకుని వెళ్లి ఆ మూల మీద బోర్లించింది. అంతే, కాళ్ల కింద నేల జారింది. మట్టి, నీళ్లు, దిమ్మిస అన్నీ ఒక్కసారి లోపలికి దిగిపోయాయి. వాటితో పాటు ఐలవ్వ కూడా రొమ్ముల లోతు దిగబడింది. చుట్టూ ఉన్న మట్టి ఆమె మీదికి జారుతూ ఉంది.

ఓదెలు తల మీది తువ్వాల లాగి పారేసి నేల మీద బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ చాచి ఆమె మణికట్లు దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరు కూలీలు అతని కాళ్లు పట్టుకుని వెనక్కి లాగారు. ఐలవ్వ చేతులు తడిగా ఉన్నాయి, జారుతున్నాయి. ఓదెలు పళ్లు బిగపట్టి గోళ్లు దిగేలా పట్టుకున్నాడు. మెల్లగా నడుము బయటికి వచ్చింది. తర్వాత మోకాళ్లు వచ్చాయి. చివరికి మనిషి గట్టు మీదికి వచ్చి పడింది.

అందరూ చుట్టూ మూగారు. ఐలవ్వ కాసేపు ఆయాసపడింది. కళ్లలో మట్టి తుడుచుకుంది. నీళ్లు తాగింది. తర్వాత తన కాళ్లు చూసుకుంది.

"ఒక చెప్పు పాతోళ్లకు ఇచ్చి వచ్చిన" అంది.

ఆ మాట వినగానే అందరికీ ప్రాణం లేచి వచ్చింది. ఒకామె నవ్వుతూనే ఏడ్చేసింది. ఓదెలు మాత్రం నవ్వలేకపోయాడు. అతను ఆ గుంతను చూస్తున్నాడు. నిలువెత్తు లోతు గుంత సరిగ్గా అతని ముగ్గు కింద ఉంది. ఆ మూలన కాన్పుగది అని అతనే గీశాడు. గోడలు లేచి, పైకప్పు పడి, లోపల ఒక బాలింత, పసిగుడ్డు పడుకున్నాక ఈ నేల కూలి ఉంటే ఏమయ్యేది? అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

కాసేపటికి లేచి, ఒంటి మట్టి కూడా దులుపుకోకుండా సుగుణ ఇంటికి వెళ్లాడు.

"అక్కా, నీతోని అబద్ధం రాయించిన. అక్కడ బాయి ఉన్నది. నిన్ననే కండ్ల జూసిన. చూసి పూడిపించిన. ఐలవ్వ దాంట్ల పడ్డది" అన్నాడు.

సుగుణ చేతిలో పని వదిలేసి లేచింది.

"ఐలవ్వ ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. చాయ తాగుతున్నది."

సుగుణ గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

"ఇంక దాచుడు వద్దు ఓదెలూ. పోతే దవాఖాన పోతది. మనిషైతే దక్కింది" అంది. పురావస్తు శాఖకు తానే ఫోన్ చేసింది. కాగితంలో నేను రాసింది నిజం కాదు, వచ్చి చూడండి అని చెప్పింది.

ఆ మూడు రోజులు ఊళ్లో ఎవరికీ ముద్ద దిగలేదు. కొందరు ఓదెలును తిట్టారు. కొందరు సుగుణను తిట్టారు. ఆ ముసల్ది చూసి నడిస్తే ఏం పోయిందని ఐలవ్వను తిట్టినవాళ్లు కూడా ఉన్నారు. నాలుగో రోజు పొద్దున పాటిగడ్డ దగ్గర జీపు ఆగింది. అందరూ మొదట జీపు వెనక ఇనుప కంచె ఉందేమోనని తొంగి చూశారు. లేదు. ఒక టేపు, నాలుగు బ్రష్షులు, ఒక టిఫిన్ డబ్బా ఉన్నాయి.

జీపులోంచి వసుంధర అనే అధికారి దిగింది. తన మనుషులతో కలిసి కందకంలో దిగి, బ్రష్షుతో మట్టి ఊడుస్తూ కూర్చుంది. ముందుగా బావిలోంచి ఒక రబ్బరు చెప్పు తీసి పైకెత్తింది.

"ఇదొక్కటీ రెండు వేల ఏళ్ల నాటిది కాదు. ఎవరిదో తీసుకోండి" అంది.

ఐలవ్వ సిగ్గుపడుతూ వెళ్లి తీసుకుంది. భయంగా నిలబడ్డ జనం కొంచెం తేలికపడ్డారు.

మధ్యాహ్నానికి బావి పక్కన ఒక ఇటుకల వరుస బయటపడింది. వసుంధర ఓదెలును పిలిచింది.

"మేస్త్రి గారూ, మీరు గోడలు కట్టేవారు కదా. ఈ గోడ చూసి ఎలా ఉందో చెప్పండి" అంది.

ఓదెలు కందకంలో దిగాడు. మూరెడు ఇటుకల గోడ పడమటి నుంచి తిన్నగా వచ్చింది. బావికి రెండు జానల దూరంలో పక్కకు తిరిగింది. బావిని చుట్టుకుని అవతల మళ్లీ తిన్నగా సాగింది.

"వంకర కట్టిండు మేడం. దారం పట్టుడు రానోడు" అన్నాడు ఓదెలు.

"వంకరకు ముందు చూడండి, తర్వాత చూడండి."

ఓదెలు తన దారం తీసి పట్టి చూశాడు. రెండు వైపులా ఒకే గీత. వేలెడు తేడా కూడా లేదు.

"మరి ఈడెందుకు తప్పిండు?"

"తప్పలేదు. మట్టి పొరలు చూస్తే తెలుస్తోంది, బావి ఈ గోడ కన్నా ముందుది. ఆయన గోడ కట్టడానికి వచ్చేసరికే ఇక్కడ బావి ఉంది. ఎవరో నీళ్లు చేదుకుంటున్నారు. అందుకని గోడ జరిపాడు" అంది వసుంధర.

ఓదెలు గొంతుక్కూర్చుని ఆ వంపు మీద చెయ్యి పెట్టాడు. వంపు తిరిగే చోట ఒక్కో ఇటుకకు అంచు చెక్కి, సందు లేకుండా పేర్చారు. చేసేవాడు చిరాకుపడి చేసిన పని కాదది. మిగతా గోడ కన్నా ఆ వంపు దగ్గరే ఎక్కువ శ్రద్ధ పెట్టాడు. అది ఇంకో మేస్త్రికి తెలియకుండా ఉండదు. ఓదెలు చాలాసేపు లేవలేదు.

"గింత పెద్ద పనోడు, జరిగిండు" అన్నాడు చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

సుగుణ ఇక ఉండబట్టలేక అడిగేసింది. "మేడం, మా దవాఖాన పోయినట్టేనా?"

"ఈ నేల ఎంత?" అని అడిగింది వసుంధర.

"రెండెకరాలు. ఎనభై గుంటలు."

"దవాఖానకు ఎంత కావాలి?"

"ఐదు గుంటలు."

"ఎనభై గుంటల్లో ఐదు గుంటలు కావలసి ఉంటే, వెతికి వెతికి సరిగ్గా బావి మీదే పెట్టుకున్నారన్న మాట" అంది వసుంధర. "పోవడం దేనికమ్మా? ఉన్నదాన్ని వదిలి పక్కన కట్టుకోండి. ఆ గడిలో ఉన్నాయని రాసి ఉంటే, ముగ్గు పోయకముందే వచ్చి ఈ మాటే చెప్పేవాళ్లం."

జనంలో ఎవరో అమ్మయ్య అన్నారు. ఆ ఒక్క అమ్మయ్య ఊరందరిదీ. సుగుణ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. మూడు రోజులుగా ఆమె గుండె మీద ఉన్న బండ అప్పటికి దిగింది.

"పక్కన అంటే ఏడ మేడం? ఆడ గూడ ఇట్లనే ఉంటే?" అన్నాడు ఓదెలు. ఆ మాట అడగడం అతనికి జీవితంలో అదే మొదటిసారి.

"అది నాకన్నా తెలిసినవాళ్లు మీలోనే ఉన్నారు" అని వసుంధర ఐలవ్వ వైపు తిరిగింది. "అవ్వా, మీరు ఈ గడ్డ మీద పాటిమన్ను ఎక్కడెక్కడ తవ్వారు?"

"తూర్పు దిక్కంతా తవ్వినం బిడ్డా. నడుమ గూడ తవ్వినం."

"ఎక్కడ తవ్వలేదు?"

"పడమటి దిక్కు తొవ్వ పక్కపొంటి తవ్వనే లేదు. ఆడ ఏమున్నది, ఒట్టి ఎర్ర మొరం. చేనుకు పనికిరాదు."

వసుంధర ముఖం విప్పారింది. "మనుషులు ఏళ్ల తరబడి బతికిన చోట పొయ్యిల బూడిద, పశువుల పేడ కలిసి పాటిమన్ను అవుతుంది. మొరం అలాగే ఉందంటే అక్కడ ఇళ్లు లేవనే అర్థం. అయినా నమ్మకం కోసం చూద్దాం" అంది.

పడమటి వైపు నాలుగు చోట్ల నడుము లోతు గుంతలు తీయించింది. నాలుగింటిలోనూ ఎర్ర మొరమే వచ్చింది. ఒక్క పెంకు ముక్క లేదు. గడ్డపార వేస్తే నిప్పులు రాలేంత గట్టి నేల. పునాదికి అంతకన్నా ఏం కావాలి? పైగా దారి పక్కనే. గర్భిణిని దింపితే నాలుగు అడుగుల్లో దవాఖాన గడప వస్తుంది. ఇంత మంచి చోటును తాము ముందే ఎందుకు చూడలేదా అని ఊరివాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

వసుంధర అక్కడే కూర్చుని అనుమతి కాగితం రాసింది. ఇక మీదట తూర్పు వైపు పాటిమన్ను తవ్వకూడదని ఊరివాళ్లతో మాట తీసుకుంది. బావికి, గోడకు రేకుల పందిరి వేయిస్తానంది.

ఇక మిగిలింది పాత ముగ్గు. అందరూ ఓదెలు వైపు చూశారు. సాయిలైతే ముందు వరసలోకి వచ్చి నిలబడ్డాడు. ఓదెలు చీపురు తెప్పించుకున్నాడు. కాన్పుగది మూల నుంచి మొదలుపెట్టి, వంగి, తను పోసిన గీతనంతా ఒక్కడే ఊడ్చేశాడు. ఊడ్వడం అయ్యాక నడుము మీద చేతులు పెట్టుకుని లేచాడు. ముఖంలో నామోషీ లేదు. జ్వరం దిగిన మనిషిలా ఉన్నాడు.

"మంచి రోజు మళ్ల చూడాల్నా?" అని ఎవరో అడిగారు.

"మనిషి దక్కిన రోజు కన్న మంచి రోజేది?" అన్నాడు ఓదెలు. సాయంత్రం లోపల పడమటి మొరం నేలలో కొత్త ముగ్గు పోసేశాడు. పోసే ముందు ఐలవ్వను ఒకటికి రెండుసార్లు అడిగాడు.

అప్పటికి మార్చి నెలలో పదహారు రోజులే మిగిలాయి. ఊరు ఊరంతా దిగింది. పారలున్నవాళ్లు పారలు, తట్టలున్నవాళ్లు తట్టలు తెచ్చారు. ఇరవై తొమ్మిదో తారీఖు మధ్యాహ్నానికి బేస్‌మెంటు లేచింది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు పునాదిని బూటుకాలితో గట్టిగా తన్ని చూసి, తనే కాలు పట్టుకున్నాడు.

ఆషాఢంలో దవాఖాన తలుపులు తెరిచారు. శ్రావణంలో వాగు పొంగింది. నాలుగు రోజులు దారి మూసుకుపోయింది. మూడో రోజు మధ్యాహ్నం జోరువానలో వడ్ల భూమయ్య కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద మోసుకొచ్చి కాన్పుగదిలో పడుకోబెట్టారు. ఓదెలు, సుగుణ బయట వసారాలో నిలబడ్డారు. గంట గడిచింది. లోపల నర్సమ్మ గొంతు వినబడింది. తర్వాత బిడ్డ ఏడుపు వినబడింది. వాన చప్పుడును మించి గట్టిగా వినబడింది.

ఓదెలు ముఖం తువ్వాలతో కప్పుకుని ఏడ్చాడు.

"సంతోషపడాల్సినోడివి, ఏడుస్తవేంది?" అంది సుగుణ.

ఓదెలు వానలోకి, తూర్పు వైపుకు చెయ్యి చాపాడు. అక్కడ రేకుల పందిరి కింద బావి నోరు తెరుచుకుని ఉంది.

"ఈ తల్లీబిడ్డల మంచం నేను ఆడ వేసిన అక్కా" అన్నాడు.

పిల్లలూ, మీరూ రేపు ఏదో ఒకటి కట్టేవాళ్లే, కట్టించేవాళ్లే. కొత్తగా కట్టే ముందు ఆ నేలలో మనకన్నా ముందువాళ్లది ఏముందో అడిగి తెలుసుకోవాలి. ఉంటే దాచకుండా చెప్పి, దానికి చోటు వదిలి, మన గీతను మనమే జరుపుకోవాలి.